చిన్నప్పటి ఎగ్జిమాకూ ఇప్పటి తుమ్ములకూ సంబంధం ఉందా?

మీ అబ్బాయికి పసితనంలో బుగ్గల మీదా తరువాత మోచేతి మడతల్లోనూ ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) వచ్చిందనీ, ఆరో ఏట నుంచి నిద్ర లేవగానే వరుస తుమ్ములు, ముక్కు కారడం మొదలయ్యాయనీ రాస్తూ, ఈ రెండింటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉంది. నేను వైద్యుడిని కాను గాని, ఈ రెండు బాధలూ నాకూ మా అమ్మాయికీ ఉన్నాయి కనుక తెలిసినంత చెబుతాను.

చాలాకాలం మేము చర్మానికి ఒక డాక్టరు దగ్గరికీ, ముక్కుకు మరొక డాక్టరు దగ్గరికీ వెళ్లేవాళ్లం. ఒకరి చీటీ మరొకరికి చూపించాలన్న ఆలోచనే నాకు రాలేదు. తెనాలి దగ్గర మా ఊరికి సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా, బూజులు దులిపి అటక మీది దూది పరుపులు దించిన ఇంట్లో పడుకున్న రెండో రోజు తెల్లవారేసరికి పిల్లకు తుమ్ములు మొదలయ్యేవి, సాయంత్రానికి మోకాళ్ల వెనుక గోకుడూ మొదలయ్యేది. పొగమంచు వల్ల అనుకున్నాం, ఊరి నీళ్ల వల్ల అనుకున్నాం, చివరికి పాపం అరిసెల మీదికి కూడా తోశాం. మూడో ఏడు మా దుప్పట్లు మేమే తీసుకువెళ్లి చాప మీద పడుకోబెడితే రెండు బాధలూ సగానికి తగ్గాయి. ఈ సంగతంతా ఒకే డాక్టరుకు చెప్పినప్పుడు ఆయన మొదట అడిగింది మా ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా అని. మా నాన్నగారికి ఉంది.

ఆయన వివరించినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ ఇది. చర్మపు పై పొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీను జన్యువులో లోపాలున్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు చూపించారు. ఎగ్జిమా ఉన్న పిల్లలందరికీ ఈ లోపం ఉండదు గాని, చర్మపు గోడ బలహీనపడటం మాత్రం దాదాపు అందరిలోనూ కనిపిస్తుంది. అలా బీటలు పడిన చర్మం గుండా పరుపుల్లో బతికే డస్ట్ మైట్ పురుగుల విసర్జనల్లోని ప్రొటీన్లు లోపలికి చొరబడితే, శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుని ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. ఆ ప్రతిరక్షకాలు చర్మంలోనే ఆగిపోవు. ముక్కు లోపలి పొరలో ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలకూ అతుక్కుంటాయి. కొన్నేళ్లకు అదే దుమ్ము ఊపిరితో ముక్కులోకి చేరగానే ఆ కణాలు హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి, తుమ్ములు వస్తాయి. చర్మం ముందు, ముక్కు తరువాత రావడానికి కారణం చాలావరకు ఇదే. దీనిని వైద్యులు అటోపిక్ మార్చ్ అంటారు, అయితే ఎగ్జిమా ఉన్న ప్రతి పిల్లవాడూ ఈ దారిలోనే నడుస్తాడని కాదు.

అలాగని పుట్టినప్పటి నుంచి మాయిశ్చరైజర్ రాసి ఉంటే ఇదంతా తప్పేదేమోనని మీరు మిమ్మల్ని నిందించుకోనక్కరలేదు. బ్రిటన్‌లో ఒకటి, నార్వే, స్వీడన్‌లలో మరొకటి జరిగిన పెద్ద పరీక్షల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. పసిపిల్లలకు అలా రాసినంత మాత్రాన ఎగ్జిమా రాకుండా ఆగలేదని రెండూ తేల్చాయి. వచ్చిన ఎగ్జిమాను అదుపులో ఉంచడానికి మాత్రం మాయిశ్చరైజరే పునాది. మేము గోరువెచ్చని నీళ్లతో త్వరగా స్నానం ముగించి, ఒళ్లు తడిగా ఉండగానే రాస్తాం. సున్నిపిండితో రుద్దడం మానిపించాను, అందుకు మా అమ్మ ఇప్పటికీ నొచ్చుకుంటుంది. పరుపుకూ దిండ్లకూ మైట్లను ఆపే తొడుగులు వేసి, దుప్పట్లను వారానికొకసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకుతాం.

మందుల విషయంలో నేను చేసిన రెండు తప్పులు మీరు చేయకండి. ముక్కులో కొట్టే స్టిరాయిడ్ స్ప్రే రోజూ వాడుతూ పోతే కొన్ని రోజులకు గాని పూర్తిగా పనిచేయదు. నేను పిల్లకు నాలుగో రోజే ఆపేశాను. ఇక నా మోచేతికి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న, స్టిరాయిడ్ కలిసిన క్రీమును నెలల తరబడి రాయగా అక్కడ చర్మం కాగితంలా పలుచబడింది. తుమ్ములకు ఇచ్చే సెట్రిజిన్ మాత్ర ఎగ్జిమా దురదను పెద్దగా తగ్గించదు కనుక, ముక్కు బాగుపడితే చర్మమూ దానంతట అదే బాగుపడుతుందని ఎదురుచూడకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజున చర్మం శుభ్రంగా కనిపించవచ్చు కనుక, దద్దురు ఎక్కువగా ఉన్నప్పుడే ఫొటోలు తీసి ఉంచుకోండి. రాత్రిపూట దగ్గు గాని, ఛాతీలో పిల్లికూతలు గాని ఉంటే అడగకపోయినా చెప్పండి, ఉబ్బసం కూడా ఈ జబ్బుల కుటుంబంలోదే.