క్యాబిన్ క్రూకి ఇంగ్లీషు కోర్సులు రూపొందించడం: అది కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీషు పూర్తిచేసింది. క్యాబిన్ క్రూ శిక్షణలో ఉన్నవారికి ఇంగ్లీషు కోర్సులు తయారుచేసే పని చేస్తానంటోంది. ఉపాధ్యాయ శిక్షణ పొంది బడిలో చేరమని మేం చెబుతున్నాం. ఏది మేలు?

జవాబు: మీరు పోలిక అడిగారు కానీ, మీ అసలు బెంగ అమ్మాయి చదువు వృథా అవుతుందేమోనని. అలా ఏమీ కాదు. ఒక్కో వృత్తికి అవసరమైన ఇంగ్లీషును విడిగా బోధించే శాఖ 1960ల నుంచీ ఎదుగుతూనే ఉంది. ఇంత చదివించిన మీరు, ఆ పని ఏమిటో అమ్మాయినే కూర్చోబెట్టి అడగకుండా కాదనడం సబబు కాదు.

ఆ పని వ్యాకరణ పాఠాలకు విమానం బొమ్మలు అతికించడం కాదు. విమానంలో ఓవెన్ దగ్గర పొగ వస్తే, అది ఎక్కడ, ఏ రంగులో, ఏ వాసనతో వస్తోందో, తాము ఏం చేశారో సిబ్బంది ఇంటర్‌ఫోన్‌లో కెప్టెన్‌కు నాలుగు ముక్కల్లో చెప్పాలి. అత్యవసర సమయంలో సమస్య ఏమిటి, ఏం చేయబోతున్నాం, ఎంత సమయం ఉంది, ప్రత్యేక సూచనలేమిటి అని కెప్టెన్ వరుసగా చెబితే, విన్నది విన్నట్టు తిరిగి అప్పజెప్పాలి. మత్తెక్కిన ప్రయాణికుడికి ఇక మద్యం ఇవ్వలేమని మర్యాద తప్పకుండా, మెత్తబడకుండా చెప్పడం వీటన్నిటికంటే కష్టం. కోర్సు రాసేవారు ముందు శిక్షణ తరగతుల్లో కూర్చుని, ఎవరు ఎక్కడ తడబడుతున్నారో గమనించి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టాలి.

నా సందేహమల్లా ‘ఏవియేషన్ ఇంగ్లీష్ ట్రైనర్’ అంటూ కొద్ది వారాల్లో చేతికిచ్చే సర్టిఫికెట్ల మీదే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ భాషా ప్రమాణంలో 6 స్థాయిలున్నాయి. 2008 నుంచి అమల్లో ఉన్న ఆ నిబంధన ప్రకారం కనీసం 4వ స్థాయి ఉండాల్సింది అంతర్జాతీయ సర్వీసుల పైలట్లకు, వారితో మాట్లాడే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు. అది క్యాబిన్ క్రూకి వర్తించదు. ఆ ప్రమాణం పేరు చెప్పి ఫీజు అడిగేవారికి దయచేసి డబ్బు కట్టకండి. విదేశీ యాసను అనుకరించడమే శిక్షణ అనేవారినీ నమ్మకండి. ప్రయాణికులకు కావలసింది స్పష్టత.

ఇక పోలిక. బడి ఉద్యోగంలో జీతం నిలకడగా వస్తుంది. ఇక్కడ చాలా పని కాంట్రాక్టు మీదే దొరుకుతుంది. 2020లో లాగా విమానయాన సంస్థలు నియామకాలు ఆపేస్తే శిక్షణా ఆగిపోతుంది. అందుకే రెండేళ్లు ఎక్కడైనా పాఠాలు చెప్పమనే నా సలహా. తరగతి ఎరగనివారు కోర్సు రాయలేరు కాబట్టి, మీరు కోరే ఉపాధ్యాయ శిక్షణా ఆమెకు అడ్డం కాదు.

ఈలోగా, ఆ పొగ సంఘటన మీదే అరగంట పాఠం ఒకటి తయారుచేయమనండి. శిక్షణలో ఉన్న ఒకరిద్దరికి దాన్ని చెప్పి చూసి, వారు తడబడిన చోటల్లా తిరగరాస్తే, దరఖాస్తుతో పాటు చూపించడానికి ఆమె పని అంటూ ఒకటి చేతిలో ఉంటుంది.