పైకప్పు మూత పోయింది, ఏసీ వచ్చింది, ఆర్‌సీ మాత్రం కాలేజీదే

ప్రశ్న: మాది హనుమకొండ. రిటైరయ్యాక మా ఇంటావిడతో కలిసి ఊళ్లు తిరగాలని రెండేళ్ల కింద ఒక కాలేజీ వాళ్ల దగ్గర 2012 మోడల్ బస్సు కొన్నాను. ఏపీ 36 నంబరు. సీట్లన్నీ తీయించి రెండు మంచాలు, వంటగట్టు, చిన్న బాత్రూం పెట్టించాను. పసుపు రంగు పోయి తెల్లరంగు వచ్చింది. లక్నవరం, రామప్ప తిరిగొచ్చాం, చలికాలం హాయిగా ఉంది. ఎండాకాలం మాత్రం లోపల కూర్చోలేం. ఏసీ పెడతానని ఒక షెడ్డు అతను రూ.2.10 లక్షలకు ఒప్పుకున్నాడు. అందులో రూ.1.40 లక్షలు ఫోన్‌పేలో ఇచ్చాను. పైకప్పుకున్న ఎమర్జెన్సీ మూత తీసేసి ఆ రంధ్రంలో ఏసీ కూర్చోబెట్టాడు, వెనక ఛాసిస్‌కు జనరేటర్ బిగించాడు. మధ్యాహ్నం మూడింటికి లోపల 36 డిగ్రీల కంటే దిగడం లేదు. నీళ్లు మంచం మీద కారుతున్నాయి. అడిగితే 'రేకు బస్సుకు నేనేం చేయను సార్' అంటున్నాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తే బస్సు సీజ్ చేస్తాడని మా బావమరిది భయపెడుతున్నాడు. నా డబ్బు తిరిగొస్తుందా? బస్సు పోతుందా? వచ్చే మేడారం జాతరకు అద్దెకు ఇవ్వొచ్చా? ఇన్సూరెన్స్ ఇంకా కాలేజీ పేరు మీదే కడుతున్నాను.

జవాబు: మీరు అడిగిన మూడు ప్రశ్నలకన్నా, ఆఖర్న మాటవరసకు రాసిన ఆ ఇన్సూరెన్స్ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఇన్సూరెన్స్ కాలేజీ పేరు మీద ఉందంటే ఆర్‌సీ కూడా కాలేజీ పేరు మీదే ఉండి ఉంటుంది. డబ్బు ఇచ్చి బస్సు ఇంటికి తెచ్చుకున్నంత మాత్రాన ఆర్టీఏ లెక్కలో మీరు ఓనర్ కారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో బదిలీ సంగతి తెలియజేయాలి. ఫారం 29, 30 అంటారే, అవే. రెండేళ్లు దాటింది కాబట్టి ఆలస్య రుసుం పడుతుంది. అది పెద్ద విషయం కాదు. ఈలోగా బస్సు ఎవరికైనా తగిలితే నష్టపరిహారం కేసులో మొదటి నోటీసు కాలేజీ యాజమాన్యానికి వెళుతుంది. ఆర్‌సీలో పేరున్నవాళ్లే ఓనర్ అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వాళ్లు ఊరుకుంటారా? మీ మీద పడతారు. ఇక బస్సుకే ఏదైనా అయితే, అంటే తగలబడినా, బోల్తా పడినా, ఓన్ డ్యామేజ్ కింద ఇన్సూరెన్స్ కంపెనీ మీకు రూపాయి ఇవ్వదు. పాలసీ మీతో చేసుకున్న ఒప్పందం కాదు కదా. థర్డ్ పార్టీ రక్షణ వరకు బస్సుతోపాటు మీకు వస్తుంది గానీ, అది రోడ్డు మీద ఎదుటివాడి కోసం ఉన్నది.

కాబట్టి ముందు పేరు మార్పించండి. కాలేజీ వాళ్లు ఫైనాన్స్‌లో కొన్న బస్సయితే ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే బండి మీద అప్పు ఉన్నట్టు నమోదు, ఉందేమో చూడండి. ఉంటే దాన్ని తీయించే ఫారం 35, అప్పిచ్చినవాళ్ల ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెప్పించుకోకుండా ఏ పనీ కదలదు.

ఇప్పుడు బస్సు సంగతి. కాగితం మీద అది ఇప్పటికీ విద్యాసంస్థ బస్సు, అంటే ట్రాన్స్‌పోర్ట్ వాహనం. ఇన్ని సీట్లు, పసుపు రంగు, ఇంత బరువు అని ఆర్‌సీలో రాసి ఉంటుంది. మీ ఇంటి ముందున్నది తెల్లటి బండి, సీట్లు లేవు, మంచాలున్నాయి. సెక్షన్ 52 సరిగ్గా దీని గురించే. తయారీదారు చెప్పిన వివరాలకూ ఆర్‌సీ వివరాలకూ తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. అనుమతి లేకుండా మార్చి ఉంటే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి. 2019 సవరణ తర్వాత సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్నది గమనించండి. మీ బస్సులో ఎన్ని మార్పులున్నాయో మీరే లెక్కపెట్టుకోండి.

భయపడాల్సింది లేదు. సొంత వాడకానికి ఉండే క్యాంపర్ వ్యాన్ అనే తరగతి 2004 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లోనే నాన్-ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో ఉంది. చిక్కల్లా అందులోకి ఎలా వెళ్లాలన్నదే. తయారీదారు చెప్పిన వివరాలకు తేడాగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆర్టీఏ అధికారులు మార్పు అనే మాట వింటేనే చేతులు ముడుచుకుంటున్నారు. పడక, వంట ఉండే బండ్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పూణేలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థ ఆమోదించిన డిజైన్‌తో కట్టిన బాడీ అయితే పని సులువు. మన దగ్గర మామూలు షెడ్డులో వెల్డింగ్ చేయించిన బండికి అది ఉండదు. అయినా దరఖాస్తు పెట్టండి. నోటితో అడిగి 'కాదట' అని వెనక్కి రావద్దు. రాసి ఇవ్వండి, రశీదు తీసుకోండి, కాదంటే కారణాలతో రాసి ఇమ్మనండి. ఆ ఉత్తర్వు చేతికొచ్చిన 30 రోజుల్లో సెక్షన్ 57 కింద అప్పీలు ఉంది. కాగితం లేకపోతే అప్పీలు లేదు. నా దగ్గరకు వచ్చే ఆర్టీఏ కేసుల్లో సగం ఇక్కడే దెబ్బతింటాయి. కౌంటర్ దగ్గర ఎవరో ఏదో అన్నారని మూడేళ్లు తిరిగి, చివరికి ఎవరన్నారో చెప్పలేక నిలబడతారు.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. 2012 బండికి 2027లో 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత రెన్యువల్ ఫీజులూ ఫిట్‌నెస్ పరీక్షలూ ఇప్పటిలా ఉండవు. దాని మీద ఇంకో రెండు మూడు లక్షలు పెట్టేముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి.

ఇక ఏసీ. ఏసీ పెట్టుకోవడం తప్పని చట్టం ఎక్కడా అనదు. 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసింది కూడా ఈ రవాణా శాఖే. సెక్షన్ 52 దృష్టిలో మార్పు అంటే బండి నిర్మాణంలో, దాని మూల స్వభావాన్నే మార్చేసే తేడా. లోపల గోడకు ఒక యూనిట్ తగిలించి, ఇంటి దగ్గర ఆపినప్పుడు ఇంటి కరెంటుతో నడుపుకుంటే అది మార్పు కాదని నేను ఏ కోర్టులోనైనా వాదించగలను. మీ షెడ్డు అతను చేసింది అది కాదు. ఆయన ఎమర్జెన్సీ మూత తీసేశాడు.

ఆ మూత గాలి కోసం పెట్టింది అనుకుంటారు చాలామంది. బస్సు పక్కకు ఒరిగితే తలుపు నేలకు అతుక్కుపోతుంది. అప్పుడు పైకప్పు పక్క గోడ అవుతుంది, ఆ మూతే తలుపవుతుంది. 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర మళ్లీ అదే ఘోరం చూశాం. రెండుసార్లూ లోపలివాళ్లు బయటపడే దారి దొరకకే పోయారు. మీ బస్సులో పైన నలభై కిలోల పెట్టె, వెనక డోర్ ఉన్నచోట బాత్రూమో జనరేటరో ఉంటే మీ ఇద్దరికీ దారి ఏది? ఏ ఇన్‌స్పెక్టరైనా మొదట అడిగేది ఇదే. ఏసీ వద్దంటే వద్దు, ఆ మూత మాత్రం తిరిగి పెట్టించండి. యూనిట్‌కు వేరే చోటు చూడండి, పైనే పెడితే మొత్తం ఎత్తు 3.8 మీటర్లు దాటకూడదు. పెరిగిన బరువు కూడా వేబ్రిడ్జి చీటీతో దరఖాస్తులో చూపించాలి.

జనరేటర్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. నడుస్తున్న జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించుకుని పడుకుంటే, ఛాసిస్ సందుల్లోంచి ఆ పొగ లోపలికి వస్తే తెల్లారి లేవరు. మీతోపాటు మనవడో స్నేహితుడో ఉండి జరగరానిది జరిగితే, బిగించినవాడి మీదా మీ మీదా బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 106 కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు అవుతుంది, శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. రాత్రి పడుకునే ఏసీని బ్యాటరీ మీదో, ఆగినచోట అనుమతితో తీసుకున్న కరెంటు మీదో నడుపుకోండి. జాతరల్లో చేసినట్టు స్తంభానికి కొక్కేలు మాత్రం తగిలించకండి. అది విద్యుత్ చట్టం సెక్షన్ 135 కింద దొంగతనం.

బస్సు పోతుందా అంటే, కేవలం ఏసీ ఉందని బండి ఆపి ఉంచే అధికారం ఎవరికీ లేదు. సెక్షన్ 207 కింద సీజ్ చేసేది ముఖ్యంగా లైసెన్సు, రిజిస్ట్రేషన్, పర్మిట్ లేనప్పుడే. మీ బావమరిది మాట సగమే నిజం. కానీ ఫిట్‌నెస్ గడువు దాటిన, వేరేవాళ్ల పేరు మీదున్న, ఆర్‌సీతో పోలిక లేని బండి ఆపితే అధికారికి కారణాలు వెతుక్కోవాల్సిన పనే ఉండదు. మీ లైసెన్సు కూడా చూసుకోండి. మొత్తం బరువు 7,500 కిలోలు దాటే బస్సయితే కారు లైసెన్సు సరిపోదు.

డబ్బు విషయానికి వస్తే, 'రేకు బస్సుకు నేనేం చేయను' అన్న మాట ఆయనకే అడ్డం తిరుగుతుంది. బస్సు రేకుదని ఆయన అడ్వాన్సు తీసుకున్న రోజు కూడా తెలుసు. ఇంట్లో పది బై పన్నెండు గది, చుట్టూ ఇటుక గోడ, దానికే ఒకటిన్నర టన్ను పెడతాం. ఇక్కడేమో ఎనిమిది తొమ్మిది మీటర్ల రేకు, చుట్టూ అద్దాలు, రోహిణి కార్తె ఎండ. పైకప్పు కింద గ్లాస్‌వూల్ లాంటిది పరచకుండా ఎంత ఏసీ అయినా ఓడిపోతుందని చెప్పాల్సిన బాధ్యత పని తెలిసిన మనిషిది. చెప్పకుండా డబ్బు తీసుకోవడం సేవాలోపమే. నీళ్లు మంచం మీద కారడానికైతే బస్సును నిందించడానికీ వీల్లేదు. డ్రెయిన్ పైపు వాలు సరిగా ఇవ్వలేదు, లేదా సీలింగ్ చేయలేదు.

బిల్లు లేదని దిగులు పడకండి. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు సాక్ష్యాలే. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి, అంతే. మీకు ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటే చెరపకండి, 'చల్లగా అవుతుంది సార్, నాదీ గ్యారంటీ' లాంటిది ఒక్కటి దొరికినా చాలు. ఎండ బాగా ఉన్న రోజు మూడింటికి, లోపల థర్మామీటర్ పెట్టి, ఏసీ నడుస్తుండగా అరగంట వీడియో తీయండి. కారే నీళ్లు కూడా అందులో పడాలి. ఆ తర్వాత పదిహేను రోజుల గడువిచ్చి లాయర్ నోటీసు, దానికి దిగిరాకపోతే వరంగల్ జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. పనితనం తేల్చడానికి నిపుణుణ్ని పంపమని అడగండి. పక్కనే కాజీపేటలో ఎన్ఐటీ ఉంది, మెకానికల్ విభాగం పేరు సూచించవచ్చు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కమిషన్ ముందు ఆయన లాయర్ మొట్టమొదట అనేది, 'అసలు ఈ బండిలో చేయించిన మార్పులకే అనుమతి లేదు, మా క్లయింటును కూడా ఆయనే చేయమన్నారు' అని. అందుకే పేరు మార్పు, ఆర్టీఏ దరఖాస్తు ముందు చేయమంటున్నాను. నోటీసు ఇచ్చేనాటికి ఆ రెండు రశీదులు మీ ఫైల్లో ఉండాలి. రెండేళ్ల గడువుంది కాబట్టి తొందరేమీ లేదు, మరీ ఆలస్యం మాత్రం చేయకండి. కిటికీలకు నల్ల ఫిల్మ్ వేయిస్తే చల్లబడుతుందని ఎవరైనా చెబితే వినకండి. పక్క అద్దాల్లోంచి 50 శాతం, ముందు వెనకల 70 శాతం వెలుతురు దాటాలి. బండి ఆపాక లోపలి నుంచి మెరుపు షీట్లు తగిలించుకుంటే ఏ చట్టమూ అడ్డుకోదు, వేడి కూడా సగం అక్కడే ఆగుతుంది.

మేడారం అద్దె గురించి. 2028 జాతరకు అనే కదా మీ ఆలోచన? వద్దు. సొంత వాడకపు క్యాంపర్‌ను డబ్బు తీసుకుని మనుషుల కోసం తిప్పితే పర్మిట్ లేకుండా తిప్పినట్టే. సెక్షన్ 192ఎ కింద మొదటిసారికే రూ.10,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కూడా వెనక్కి తగ్గుతుంది. ఇంకా ముఖ్యంగా, వినియోగదారుల చట్టంలో వ్యాపారం కోసం సేవ తీసుకున్నవాళ్లను వినియోగదారుగా లెక్కించరు. బస్సును జాతరకు అద్దెకిస్తామని మీరు ఎవరికైనా వాట్సాప్‌లో రాసి ఉంటే, ఆ మెసేజ్ షెడ్డు అతని చేతికి చిక్కితే, మీ రూ.1.40 లక్షల కేసు వినకముందే కొట్టేయమని అడుగుతాడు. అలాంటిదేమైనా రాశారా అన్నది నాకు ముందే చెప్పండి. నోటీసు ముసాయిదా రాసే లోపు ఆర్‌సీ కాపీ, కాలేజీ వాళ్లు ఇచ్చిన అమ్మకం కాగితం, ఫోన్‌పే స్టేట్‌మెంట్ కూడా పంపండి.