కెమిస్ట్రీ చదివి మెదడు మీద పనిచేయొచ్చా?

ప్రశ్న: మాది పరకాల. హనుమకొండలో బీఎస్సీ ఎంపీసీ మూడో సంవత్సరం చదువుతున్నా. రెండేళ్ల కింద మా అక్కకు ఒక కన్ను మసకబారింది, తర్వాత కాళ్లు తిమ్మిరెక్కాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు, ఎంఆర్ఐలో తెల్ల మచ్చలు చూపించారు. స్పెక్ట్రోస్కోపీతో మెదడులోని రసాయనాలు కూడా కొలుస్తారని చదివాను. నాకు ఆ పని చేయాలనుంది. ‘డాక్టర్‌వి కాకుండ మెదడు చదువేంది, బీఈడీ చెయ్యి’ అంటున్నడు బాపు. ఏదైనా దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. అదీ నీ చేతిలో ఉన్న పుస్తకంలోనే మొదలవుతుంది. ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువులిచ్చే సిగ్నల్‌ను గీతలుగా చూపే పద్ధతి) పాఠం తెరిచి ఇథైల్ అసిటేట్ స్పెక్ట్రమ్ చూడు. 2 పీపీఎం (గీత ఎక్కడుందో చెప్పే కొలత) దగ్గర చీలకుండా ఒంటరిగా నిలబడ్డ గీత కార్బొనిల్ పక్కనున్న మిథైల్‌ది కదా. ఆరోగ్యంగా ఉన్న మనిషి మెదడు స్పెక్ట్రమ్‌లో అన్నిటికన్నా ఎత్తుగా లేచే గీత కూడా ఇంచుమించు అక్కడే, 2.02 దగ్గర ఉంటుంది. ఎన్-అసిటైల్ అస్పార్టేట్‌లోని మిథైల్ అది. ఈ పదార్థం ముఖ్యంగా న్యూరాన్లలో (నాడీకణాల్లో), వాటి పొడవాటి తీగలైన ఆక్సాన్లలో ఉంటుంది. ఎంఆర్ఐ యంత్రంలో పడుకున్న మనిషి మీద చేసేది నువ్వు చదివిన ప్రోటాన్ ఎన్ఎంఆరే.

మీ అక్క జబ్బులో రోగనిరోధక వ్యవస్థ ఆక్సాన్ల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. మామూలు ఎంఆర్ఐలో ఆ చోట్లు మచ్చలుగా కనబడతాయి. ఏ మచ్చా లేకుండా శుభ్రంగా కనిపించే వైట్ మ్యాటర్‌లో (ఆక్సాన్ల కట్టలుండే భాగంలో) కూడా ఆ 2.02 గీత తగ్గి ఉంటుందనీ, 3.5 దగ్గరి మయో-ఇనోసిటాల్ (న్యూరాన్లకు ఆసరాగా ఉండే కణాల్లో ఎక్కువగా ఉండే పదార్థం) పెరుగుతుందనీ చూపించింది స్పెక్ట్రోస్కోపీయే. మైలిన్ కొత్తగా చెదిరిపోతున్న మచ్చలో 3.2 దగ్గర కోలిన్ (కణాల పొరలకు సంబంధించిన పదార్థం) పెరుగుతుంది. కొత్త మచ్చలో పడిపోయిన ఎన్-అసిటైల్ అస్పార్టేట్ కొన్ని నెలలకు కొంత కోలుకోవడమూ ఉంది. అంటే గీత తగ్గినంత మాత్రాన ఆక్సాన్ చచ్చిపోయిందని కాదు, నీరసించి ఉండొచ్చు. నాకు ఈ రంగంలో ఇష్టమైన విషయం ఇదే.

కష్టం కూడా చెప్పాలి. ల్యాబ్‌లో 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో గీతలు విడివిడిగా వస్తాయి. 3 టెస్లా ఎంఆర్ఐ అంటే దాదాపు 128 మెగాహెర్ట్జే కాబట్టి ఒకదాని మీద ఒకటి పడతాయి. నీటి సిగ్నల్ వేల రెట్లు పెద్దది, ముందు దాన్ని అణచాలి. మెదడులో ఒక్కసారి కొలిచే ముక్క చాలాసార్లు ఉసిరికాయంత ఉంటుంది. అందులో మచ్చ ఎంత, మంచి భాగం ఎంత, పక్కన చేరిన ద్రవం ఎంత అన్నది లెక్కగట్టకపోతే వచ్చిన అంకెకు అర్థం లేదు. అందుకే ఈ పనికి డాక్టర్ ఒక్కరే చాలరు. పదార్థం ఎంతుందో చెప్పే గీత కింది వైశాల్యాన్ని నమ్మకంగా కొలవగల కెమిస్ట్రీ, ఫిజిక్స్ మనుషులు కావాలి.

నన్నడిగితే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చెయ్యి. కాకతీయ యూనివర్సిటీకి సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఐఐటీలకూ, మన వరంగల్ నిట్‌కూ జామ్ అనే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష రాయాలి, అది ఫిబ్రవరిలో ఉంటుంది. రెండూ రాయి. ఎన్ఎంఆర్ యంత్రం మీద విద్యార్థుల చెయ్యి పడనిచ్చే డిపార్ట్‌మెంట్ ఏదో అడిగి తెలుసుకుని సీటు ఎంచుకో. పైథాన్ ఇప్పుడే మొదలుపెట్టు. ఎఫ్ఎస్ఎల్-ఎంఆర్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ అందులోనే రాశారు, చదువు అవసరాలకు ఉచితం. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లేదా గేట్ రాసి పీహెచ్‌డీ. ఢిల్లీ ఎయిమ్స్ ఎన్ఎంఆర్ విభాగం, లక్నోలోని సెంటర్ ఆఫ్ బయోమెడికల్ రీసెర్చ్, బెంగళూరు నిమ్హాన్స్, దగ్గర్లో కావాలంటే ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ ఇంజినీరింగ్ చూడు. చేరే ముందు అక్కడ ఈ పని చేస్తున్న గైడ్ ఉన్నారో లేదో ఈమెయిల్ రాసి అడుగు.

మెడికల్ ఫిజిక్స్ కోర్సు పేరు చూసి తొందరపడకు. అది ఎక్కువగా క్యాన్సర్ రేడియేషన్ వైపు తీసుకెళ్తుంది. ఎంఆర్ఐ టెక్నాలజీ కోర్సు యంత్రాన్ని నడపడానికి. మంచి ఉద్యోగమే, కానీ నువ్వు అడిగింది అది కాదు.

బాపుతో ఇలా మాట్లాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో స్పెక్ట్రోస్కోపీ ఇంకా ఎక్కువగా పరిశోధనలోనే ఉంది. రోజూ చేసే నిర్ధారణకు లక్షణాలు, ఎంఆర్ఐ, అవసరమైతే వెన్నునీటి పరీక్షే ఆధారం. కాబట్టి ‘స్పెక్ట్రోస్కోపీ ఉద్యోగం’ అని ఆసుపత్రులు ప్రకటన ఇవ్వవు. ఆ సంగతి దాచకు. అయితే నెట్‌లో మంచి ర్యాంకుతో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటద్దె భత్యం వేరే. నెట్ ఉంటే డిగ్రీ లెక్చరర్ పోస్టుకు అర్హత వస్తుంది. ఎన్ఎంఆర్ వచ్చినవాళ్లను మందుల కంపెనీలు తీసుకుంటాయి, ఎంఆర్ఐ తెలిసినవాళ్లు స్కానర్ తయారుచేసే కంపెనీల్లోకి వెళ్తారు. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాత కూడా చేయొచ్చు, ఆ తలుపు మూసుకుపోదు. రెండేళ్లు అడుగు, ఒప్పుకుంటడు.

చివరగా అక్క విషయం. ఇంట్లో ఉన్న స్కాన్ సీడీలో ఈ గ్రాఫ్ కోసం వెతకకు. విడిగా చేయిస్తే తప్ప మామూలు ఎంఆర్ఐలో స్పెక్ట్రోస్కోపీ ఉండదు. చేయించాలా వద్దా అన్నది న్యూరాలజిస్ట్ చెప్పాలి. నువ్వు చదివిన పేపర్లలోని అంకెలు అక్కకు అప్పుడే చెప్పకు, అవి వందల మంది సగటులు. ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు తోడు వెళ్లు. మందు వేళలు, కొత్తగా వచ్చిన తిమ్మిర్లు ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసి పట్టుకెళ్లు, డాక్టర్‌కు పనికొస్తాయి.