పేపర్ పీసింగ్‌లో ముక్క తిప్పితే గడి ఎందుకు నిండదు?

ఒకరు బ్లౌజుల్లో మిగిలిన పీలికలతో క్విల్ట్ బ్లాక్, అంటే అతుకుల బొంతలో ఒక భాగం, పేపర్ పీసింగ్ పద్ధతిలో కుడుతున్నారు. వరస అంకెలున్న గడులతో నమూనా అచ్చేసిన కాగితం మీద గుడ్డముక్కలు ఒక్కొక్కటిగా వేసి, గీతల మీద కుట్టే పద్ధతి ఇది. ముక్క సరిపోతుందనే పెట్టి కుడుతున్నా, తిప్పేసరికి ఒక మూల ఖాళీగా ఉండిపోతోందని అడిగారు. చాలాసార్లు గుడ్డ చాలకపోవడం కాదు కారణం, ముక్కను వేసే దిక్కు. కాగితం మీద గీత ఏటవాలుగా ఉంటుంది కదా, కుట్టాక ముక్క ఆ గీత దగ్గర మడతపడి అవతలికి వెళ్తుంది. ఇప్పుడు నిటారుగా కనిపిస్తున్న ముక్క అప్పుడు ఒరిగిపోతుంది.

అందుకే కుట్టేముందే తిప్పి చూడండి. కుట్టు పడాల్సిన గీత వెంబడే గుండుసూదులు గుచ్చి, ముక్కను అవతలికి మడిచి, కాగితాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకోండి. గడి అన్ని వైపులా పావు అంగుళం దాటి గుడ్డ కనబడితేనే మెషీన్ దగ్గరకు వెళ్లండి. నేను ఇప్పటికీ పీలికలతో కుట్టేటప్పుడు ఈ పని మానను. తాను గుడ్డైతే పెద్ద ముక్క కోసుకోవచ్చు, పీలికకు రెండో అవకాశం ఉండదు.

వరస ఇలా ఉంటుంది. ఒకటో ముక్క ఉల్టా వైపు కాగితం వెనక్కి, అంటే అచ్చు లేని వైపుకి ఆనాలి. చిన్న జిగురు చుక్క చాలు. ఒకటికీ రెండుకీ మధ్య గీత దగ్గర, గట్టి అట్టముక్క ఆసరాగా కాగితాన్ని మడిచి, బయటికి వచ్చిన గుడ్డను పావు అంగుళం ఉంచి కోసేయండి. రెండో ముక్క అంచును ఆ కోసిన అంచుకు కలిపి, సీదా మీద సీదా వేసి, పిన్ను పరీక్ష చేసి, కాగితం తిప్పి అచ్చు గీత మీదే కుట్టండి. గీతకు రెండు చివర్లా రెండు మూడు కుట్లు ఎక్కువ పోనివ్వండి. ఆ తర్వాత ముక్క తిప్పి గోటితో గట్టిగా గీసి, గుడ్డ వైపు నుంచి ఇస్త్రీ చేయండి. ఆవిరి వద్దు, కాగితం ముడుచుకుపోతుంది.

లెక్క తేలిగ్గా అర్థమయ్యేది ఫ్లయింగ్ గీస్ బ్లాక్‌లో, అంటే మధ్యలో ఒక పెద్ద త్రికోణం, రెండు పక్కలా రెండు చిన్న త్రికోణాలు ఉండే బ్లాక్‌లో. పూర్తయ్యాక 3 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర ఎత్తు ఉండే బ్లాక్ అనుకోండి. మధ్య త్రికోణానికి 4 బై రెండున్నర ముక్క, రెండు పక్కలకూ కలిపి 3 అంగుళాల చదరం ఒకటి, మూలగా కోసి. అలా కోస్తే పొడవైన అంచు క్రాస్‌లోకి, అంటే నేతకు ఏటవాలుగా వస్తుంది, పొట్టి అంచులు నేత దారాల వెంబడే ఉంటాయి. బ్లాక్‌కి బయటి అంచులయ్యేవి ఆ పొట్టివే, కాబట్టి సాగవు. లోపలి ముక్కలు ఏ దారిన ఉన్నా కాగితం పట్టి ఉంచుతుంది, ఈ పద్ధతి పీలికలకు ఇంత బాగా కుదరడం అందుకే. అయితే బయటి అంచులు కాపాడుకోవాలి కనుక పక్క బ్లాకులతో అతికేదాకా కాగితం చింపొద్దు.

కుట్టు పొడవు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెట్టుకోండి. నంబరు నమ్మలేని పాత తొక్కుడు మెషీన్ అయితే వ్యర్థపు గుడ్డ మీద అంగుళానికి 16, 17 కుట్లు పడేలా లీవర్ సర్దుకోండి. రంధ్రాలు దగ్గరగా ఉంటే కాగితం తపాలా బిళ్లలా తేలిగ్గా ఊడుతుంది, కుట్టు మీద లాగుడు పడదు. సూది 14 నంబరు. కాగితం సూదిని త్వరగా మొద్దుబారుస్తుంది, ఈ పనికి వాడింది మంచి పట్టు బ్లౌజుకు వాడకండి. నమూనా ప్రింట్ తీసేటప్పుడు 100 శాతం సైజు ఎంచుకుని, అందులోని అంగుళం గడిని స్కేలుతో కొలవాలి. సాధారణ జిరాక్స్ కాగితం పనికొస్తుంది, పల్చటిదైతే ఇంకా మేలు.

ఇక ఏ పీలికలు? మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది పోచంపల్లి నూలు ఇక్కత్, లేకపోతే మంగళగిరి సాదా గుడ్డ. నూలుకే రంగు కాబట్టి సీదా, ఉల్టా ఒకేలా ఉంటాయి, ఏ వైపు పెట్టాలో తికమక ఉండదు. కలంకారీ అందంగా వస్తుంది కానీ ముందే ఉతకాలి, రంగు వదిలితే పక్కనున్న తెల్లముక్క పాడవుతుంది. జరీ అంచు ముక్కలు ఈ పనికి వద్దు: మడత కూర్చోదు, ఇస్త్రీకి నల్లబడుతుంది. లేత గుడ్డ కింద ముదురు గుడ్డ కుట్టు మార్జిన్ పైకి కనబడుతుంది, ముదురు దాన్ని కాస్త తక్కువగా కోయండి.

ఇంకొకటి: పూర్తయిన బ్లాక్ కాగితం మీది బొమ్మకు అద్దంలో ప్రతిబింబంలా వస్తుంది. గీస్‌కి ఇబ్బంది లేదు, అక్షరాలు కుట్టాలంటే మాత్రం నమూనాని తిరగేసి ప్రింట్ తీయాలి.