ఆయిల్ కన్నా ముందు బోల్టు సంగతి

చిరంజీవి సాయికిరణ్‌కు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మీ నాన్న స్ప్లెండర్‌కు ఈసారి ఇంజన్ ఆయిల్ నువ్వే మారుస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. మార్చు, మంచిదే. తీరిగ్గా చేసినా గంటలో అయిపోయే పని. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు, అందుకని రాసి పంపుతున్నా. ఆయిల్ మార్చడం నాలుగైదు వందల కిలోమీటర్లు ఆలస్యమైందని పాడైన ఇంజన్లు తక్కువేరా. ఆయిల్ వదిలే అడుగు బోల్టు తెగబిగించి మర పోగొట్టుకున్నవీ, మోతాదు మించి పోసి పొగలు కక్కినవీ ఎక్కువ. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ రెండింటి గురించే.

ఎప్పుడు మార్చాలన్నది ముందు చూద్దాం. ఇప్పటి హీరో బళ్ల పుస్తకాల్లో ఆరు వేల కిలోమీటర్లకోసారి మార్చమనీ, మధ్యలో మూడు వేల దగ్గర తగ్గినంత కలపమనీ ఉంటుంది. అది రోడ్డు మీద దూరం నడిచే బండికి సరే. మీ నాన్నది ఇంటికీ బజారుకీ మధ్య రెండేసి కిలోమీటర్ల తిరుగుడు. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తారు. అలాంటప్పుడు లోపల చేరిన నీటి ఆవిరీ, కాలకుండా జారిన పెట్రోలూ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆ బండికి మూడు వేలకు మార్చడమే మేలు. నల్లబడింది కదా అని మాత్రం ముందే మార్చేయకు. మసిని తనలో పట్టి ఉంచడం కూడా ఆయిల్ పనే, అందుకే కొద్ది రోజులకే నల్లగా కనిపిస్తుంది.

షాపులో అడగాల్సింది ఇదీ: 10డబ్ల్యూ30, జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని డబ్బా మీద ఉన్న ఫోర్ స్ట్రోక్ బైక్ ఆయిల్. మొదటిది ఆయిల్ చిక్కదనం నంబరు, జాసో అనేది జపాన్ వాళ్ల ప్రమాణం గుర్తు. ఈ జాసో మాట మర్చిపోవద్దు. మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కార్ల ఆయిల్లో, ముఖ్యంగా పల్చటి రకాల్లో, రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంట్లో కారుది మిగిలింది కదా అని అది పోస్తే క్లచ్ జారడం మొదలవుతుంది. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు లాగదు. ఎండలు మండిపోతున్నాయి, చిక్కటిది పోయించు అని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. 20డబ్ల్యూ50 పల్సర్‌కు, 15డబ్ల్యూ50 బుల్లెట్‌కు వాళ్ల కంపెనీలు చెప్పినవి. నీ ఇంజన్‌లో సందులు పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు ఉంటాయి. చిక్కటిది పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైన వాల్వులను తెరిచే క్యామ్ దాకా చేరడానికి ఆలస్యం అవుతుంది, అరుగుదల ఎక్కువ జరిగేది ఆ కాసేపట్లోనే. దీంట్లో కలిపే పవర్ మందులూ, మైలేజీ మందులూ అక్కర్లేదు.

నకిలీ ఆయిల్ బాధ ఉంది. ఖాళీ డబ్బాలు కొని, ఏదో నింపి, మళ్లీ మూత బిగించి అమ్మేవాళ్లున్నారు. తెలిసిన షాపులో బిల్లు తీసుకుని కొను. మూత కింద ఉంగరం తెగకుండా ఉందా, లోపలి రేకు సీలు సరిగ్గా అంటుకుని ఉందా చూడు. దాంతోపాటే డ్రెయిన్ బోల్టుకు, అంటే ఆ అడుగు బోల్టుకు, కొత్త వాషర్ ఒకటి అడుగు. ఐదో పదో రూపాయల సరుకు. దాని సంగతి కింద చెబుతాను.

సామాను: 17 నంబరు రింగు పానా, వెడల్పాటి పాత బేసిన్, గరాటు, కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు, నూలు గుడ్డలు, పాత పేపర్లు, చేతులకు తొడుగులు. రింగు పానాయే వాడు. నోరు తెరిచి ఉండే డబుల్ ఎండ్ పానాగానీ, అడ్జస్టబుల్ పానాగానీ పెడితే జారి బోల్టు తల మూలలు గుండ్రమైపోతాయి. ఆ తర్వాత దాన్ని విప్పడం నీ వల్ల కాదు, మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాల్సిందే.

ఇంజన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపు. ఆయిల్ వేడెక్కి పల్చనై, అడుగున దిగిన మడ్డిని కూడా వెంట తీసుకుని కారుతుంది. అంతకన్నా వేడి చేయకు, చెయ్యి కాలుతుంది. సైలెన్సర్ పైపు పక్కనే ఉంటుందని మర్చిపోకు. చదునైన నేల మీద డబుల్ స్టాండ్ వేసి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకో. పోసే చోట ఉన్న మూత, అంటే కుడివైపు కొలత పుల్ల ఉన్న మూత, ముందు విప్పి శుభ్రమైన గుడ్డ మీద పెట్టు. గాలి లోపలికి పోతే కింద ధార సాఫీగా వస్తుంది. ఆ మూత రాకుండా బిగుసుకుపోయి ఉంటే పాత ఆయిల్ వదిలేశాక చిక్కులో పడతావు, అందుకే దాన్ని ముందు విప్పడం.

ఇక బోల్టు. ఇంజన్ అడుగున ఉంటుంది. చుట్టూ అంటుకున్న బురద గుడ్డతో గీకి తుడువు, లేకపోతే ఆ ఇసుకే మరల్లోకి పోతుంది. ఎటు తిప్పాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. బండి కింద పడుకుని పైకి చూస్తూ తిప్పుతుంటే గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురు వదులు. పైనుంచి వంగి చెయ్యి పెట్టి తిప్పితే దిశ తారుమారైనట్టు అనిపిస్తుంది. గట్టిగా ఉందని అనుమానం వస్తే బలం పెట్టకముందు ఆగి, తల బోల్టుకు ఎదురుగా పెట్టి చూసుకో. వదులయ్యాక పానా తీసేసి వేళ్లతో తిప్పు. చివరి చుట్టు దాకా బోల్టును పైకి నొక్కి పట్టుకుని, ఒక్కసారిగా పక్కకు లాగేస్తే చెయ్యి తడవదు. చేజారి బేసిన్‌లో పడితే కంగారేం లేదు, తర్వాత వెతుక్కోవచ్చు.

పది నిమిషాలు కారనివ్వు. ధార బొట్లుగా మారాక, తాళం చెవి పెట్టకుండానే, కిక్ రాడ్‌ను నాలుగైదుసార్లు చేత్తో మెల్లగా కిందికి నొక్కు. లోపల మిగిలింది ఇంకాస్త వస్తుంది. డీజిల్ పోసి కడిగేద్దామనో, కిరసనాయిలు పోద్దామనో ఆలోచన రానీయకు. ఎంత వంచినా కొంత లోపలే ఉండిపోయి కొత్త ఆయిల్‌ను పల్చబరుస్తుంది.

ఆ కారిన ఆయిల్‌ను ఓసారి వెలుగులో చూడు. నల్లగా ఉంటే మామూలే. మజ్జిగలా, పాలు కలిసిన కాఫీలా ఉంటే నీళ్లు చేరాయి. వాటర్ సర్వీసింగ్ వాళ్లు ప్రెషర్ గన్ పెట్టి కొట్టినప్పుడూ, వాన నీళ్లలో బండి మునిగినప్పుడూ ఇలా అవుతుంది. పెట్రోలు వాసన ఘాటుగా కొట్టి, వచ్చిన పరిమాణం ఎక్కువుంటే పెట్రోలును ఆపే కార్బురేటర్ నీడిల్ కారుతోంది. అది బాగుచేయించకుండా కొత్త ఆయిల్ పోస్తే డబ్బు దండగ. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి వెండి మెరుపు కొద్దిగా కనిపిస్తే భయం లేదు. గోటికి తగిలే ముక్కలుంటే మాత్రం, నడపకుండా మెకానిక్‌కు చూపించు.

వరద మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడలో ఎన్నో బళ్లు నీళ్లలో నానాయి. అలా మునిగిన బండికి కిక్ కొట్టకూడదు, సెల్ఫ్ నొక్కకూడదు. ముందు ఆయిల్ వదిలేసి, ప్లగ్ విప్పి, సిలిండర్‌లో నీళ్లు లేవని తేలాకే స్టార్ట్ చేయాలి. మామూలు ఆయిల్ పోసి కాసేపు నడిపి, వేడిగా ఉన్నప్పుడే వదిలేసి మళ్లీ కొత్తది పోయాలి. ఒక్కసారితో తెల్లదనం పోదు, అవసరమైతే మూడోసారీ మార్చాలి.

బోల్టు తిరిగి పెట్టేముందు దాన్నీ, ఆ రంధ్రం అంచునూ పొడిగుడ్డతో తుడువు. పాత వాషర్ కొన్నిసార్లు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది. దాని మీదే కొత్తది వేస్తే కారుతుంది, గోటితో గీరి చూడు. ఈ వాషర్ మెత్తటి లోహం. బోల్టు బిగిస్తుంటే నలిగి సందు మూసుకుంటుంది. ఒకసారి నలిగింది రెండోసారి అలా నలగదు. కారుతోందని ఇంకా బిగిస్తారు, ఇంకా బిగిస్తారు, అక్కడే మర పోతుంది. బోల్టు ఉక్కుది, ఇంజన్ కేసు అల్యూమినియంది. రెంటికీ పోటీ పెడితే ఓడిపోయేది ఏదో నీకు చెప్పక్కర్లేదు.

మొదటి చుట్లన్నీ వేళ్లతోనే ఎక్కించు. రెండు చుట్లకే పట్టేస్తే అడ్డంగా ఎక్కుతున్నట్టే, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టు. వాషర్ ఆనిందాకా చేత్తో తిప్పి, అప్పుడు పానాను చివర కాకుండా తలకు దగ్గరగా పట్టుకుని సుమారు పావు చుట్టు బిగించు. వాషర్ మెత్తగా నలిగి గట్టి పడ్డట్టు చేతికి తెలుస్తుంది, అక్కడ ఆగు. ఎంత బిగువో కొలిచే టార్క్ పానా దొరికితే 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య చాలు. పానాకు పైపు తొడిగి లాగడం, కాలితో తన్నడం పనికిరావు. టెఫ్లాన్ టేపు చుట్టకు. దాని పోగులు ఊడి లోపలి జల్లెడకు అడ్డం పడతాయి. ఒకవేళ మర పోయిందే అనుకో, ఎమ్‌సీల్ పెట్టి సరిపెట్టుకోకు. మర మళ్లీ కోసి, అందులో కొత్త మరగా పనిచేసే స్ప్రింగు లాంటి కాయిల్ వేసేవాళ్లు ఉంటారు, ఓవర్‌సైజ్ బోల్టు వేసేవాళ్లూ ఉంటారు. కాయిల్ వేయించడమే మంచి పద్ధతి.

ఇప్పుడు పోయడం. బండి పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి. ఒకటి ఆయిల్ వదిలి మార్చినప్పటిది, రెండోది ఇంజన్ మొత్తం విప్పి కట్టినప్పటిది. నీకు కావాల్సింది మొదటిది, తక్కువది. పాత స్ప్లెండర్లకు ఇది 750, 900 మి.లీ. అన్నట్టు ఉంటుంది. మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ నాన్న బండి పుస్తకంలోదే పట్టుకో. డబ్బాలో ఎంతుంటే అంతా వంచేయడమే అందరూ చేసే పొరపాటు. మగ్గుతో కొలిచి, ఆ తక్కువ అంకెకు ఓ 50 మి.లీ. తగ్గించి పోస్తే చాలు.

మూత పెట్టి, యాక్సిలరేటర్ ఇవ్వకుండా రెండు మూడు నిమిషాలు నడిపి ఆపు. మరో మూడు నిమిషాలు ఆగాక, డబుల్ స్టాండ్ మీదే కొలత పుల్ల తీసి తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడు. హీరో, హోండా బళ్లలో కొలిచేటప్పుడు మర తిప్పరు. తిప్పి చూస్తే లెక్క ఎక్కువ చూపి, నువ్వు తక్కువ పోసినవాడివవుతావు. రెండు గీతల మధ్య, పై గీతకు కాస్త దగ్గరగా ఉంటే సరి. తక్కువుంటే కొంచెం కొంచెం కలుపు.

పై గీత దాటితే ఫర్వాలేదులే అని వదిలేయకు. ఎక్కువైన ఆయిల్‌ను లోపల తిరిగే భాగాలు చిలికి నురుగు చేస్తాయి, ఇంజన్ వేడెక్కుతుంది, బండి బరువుగా లాగుతుంది. గాలి గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి కొట్టి దాన్ని తడిపేస్తుంది, వెనక నీలం పొగ మొదలవుతుంది. అప్పుడందరూ పిస్టన్ రింగులు పోయాయంటారు! మళ్లీ బోల్టు విప్పక్కర్లేదు. మందుల షాపులో 50 మి.లీ. సిరంజీ, సెలైన్ గొట్టం ముక్కా తెచ్చి, పోసిన రంధ్రంలోంచే ఎక్కువైంది లాగెయ్యి.

ఈ బండికి మార్చే పేపర్ ఫిల్టర్ ఉండదు. కుడివైపు కవర్ లోపల జల్లెడ, గిరగిరా తిరుగుతూ మడ్డిని పట్టే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటాయి. వాటిని శుభ్రం చేయాలంటే కిక్ రాడ్, కవర్ విప్పాలి, గ్యాస్కెట్ కొత్తది వేయాలి. అది ప్రస్తుతానికి నీ పని కాదు. పన్నెండు వేలకోసారి మెకానిక్‌తో చేయించు, దగ్గరుండి చూడు.

రాత్రి ఇంజన్ కింద పేపరు పరిచి ఉంచు. పొద్దున మరక కనిపిస్తే బోల్టు దగ్గర తుడిచి, కొద్దిగా మాత్రం బిగించు. యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి కొలత చూడు. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఓ కాగితం మీద రాసి సైడ్ డబ్బాలో పెట్టు.

పాత ఆయిల్ కాలవలో పోయకు, మొక్కల దగ్గరా వద్దు. గుమ్మాలకు చెద పట్టకుండా పూస్తామని ఎవరైనా అడిగినా ఇవ్వకు, చైనుకు నువ్వూ పూయకు, దాంట్లో ఉన్నదంతా మసీ లోహపు పొడీ. చైనుకు 90 నంబరు గేర్ ఆయిల్ వెయ్యి. కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం అస్సలు నింపొద్దు, ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాలోనే పోసి, డ్రమ్ము పెట్టుకున్న వర్క్‌షాపులో ఇచ్చెయ్యి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. డబ్బా వెనక్కి తెచ్చుకుని కత్తితో కోసి పారెయ్యి, మళ్లీ ఎవడూ నింపకుండా. చేతులు సబ్బుతో బాగా కడుక్కో, ఆ నలుపు చర్మానికి మంచిది కాదు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క. మీ అక్క స్కూటర్‌కూ నువ్వే మారుస్తానంటావేమో. దానికి ఈ ఆయిల్ కాదు, జాసో ఎంబీ రకం. క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి అది వేరు. వెనక చక్రం దగ్గర ఇంకో చిన్న బోల్టు కనిపిస్తుంది, అది గేర్ ఆయిల్‌ది. ఇంజన్‌దనుకుని దాన్ని విప్పేసి, ఇంజన్‌లో పాత ఆయిల్ మీదే కొత్తది పోసేవాళ్లున్నారు. ఏది దేనిదో పుస్తకంలో బొమ్మ చూసి, అప్పుడు పానా పట్టుకో.