ఊపిరి అందనట్టు అనిపిస్తే ఇంకా గట్టిగా పీల్చకు

హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముడు అడిగింది ఇదీ: పుస్తకం ముందు కూర్చుంటే ఊపిరి పూర్తిగా అందనట్టు ఉంటోంది, మాటిమాటికీ ఆవులింతలు, అప్పుడప్పుడు గుండె దడ, వేళ్లలో తిమ్మిరి. ఈసీజీ నార్మల్. ఊపిరి తీసుకునే అలవాటుకూ ఈ టెన్షన్‌కూ సంబంధం ఉంటుందా?

ఉంటుంది తమ్ముడూ. నేను డాక్టర్‌ను కాను, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో లెక్కలు రాస్తాను. నువ్వు చెప్పినవన్నీ నాకూ ఉండేవి కాబట్టి చెబుతున్నాను.

మిర్చి సీజన్‌లో పొద్దున జెండా పాట (ఆ రోజు మొదటి వేలం) అయిందంటే ఇక కాంటాలు, తక్‌పట్టీలు (రైతులకిచ్చే లెక్క చీటీలు), పక్కనే నిలబడి "ఎంతైంది సారూ" అని అడిగే రైతులు. ఆ ఘాటుకు ముక్కు మూసుకుపోతుంది, అందరం నోటితోనే ఊపిరి తీస్తాం. దానికి తోడు అంకెలు కూడేటప్పుడు ఊపిరి బిగబట్టేవాణ్ణి. టోటల్ వేశాక ఒక్కసారిగా పెద్దగా పీల్చేవాణ్ణి. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు. ఇంట్లో ఫోన్ చూస్తున్నప్పుడు కూడా ఇదే వరస. "ఏమైందని గట్ల ఉసూరుమంటున్నవు?" అని మా ఇంటామె అడిగితే గానీ గమనించలేదు. నువ్వూ చదివేటప్పుడు ఒక్క గంట గమనించి చూడు. కష్టమైన లెక్క దగ్గర ఊపిరి ఆగుతుంటుంది.

నన్ను చూసిన డాక్టర్ చెప్పిన విషయం వింటే నీకు సగం భయం పోతుంది. ఊపిరి అందనట్టు అనిపించినా, ఇలాంటప్పుడు సాధారణంగా ఒంట్లో ఆక్సిజన్ తగ్గదు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే వేలికి పెట్టి చూడు, 98, 99 చూపిస్తుంది. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. అవసరానికి మించి పీల్చి వదులుతుంటే అది రక్తంలో పడిపోతుంది. దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కాస్త సన్నబడి తల తేలిపోతుంది, వేళ్లూ మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది. ఏదో అయిపోతోందని భయపడి ఇంకా పీలుస్తాం, ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. అందుకే "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని మనవాళ్లు ప్రేమగా చెప్పే సలహా ఆ సమయంలో పనికిరాదు. నెమ్మదిగా, ఎక్కువసేపు వదలాలి. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది.

నేను చేసేది పెద్ద సాధనేమీ కాదు. నోరు మూసి, ముక్కుతో మామూలుగా తీసుకుంటాను, పొట్ట మీద చెయ్యి కదలాలి. తీసుకున్న దానికంటే ఎక్కువసేపు వదులుతాను. నిమిషానికి ఆరేడు ఊపిరులకు దిగితే చాలు, లెక్కపెట్టుకుంటూ కొత్త టెన్షన్ తెచ్చుకోవద్దు. సాయంత్రం బండి మీద ఇంటికి వెళ్తూ హెల్మెట్ లోపల కూనిరాగం తీస్తాను, దాంతో ఊపిరి దానంతటదే నిదానంగా బయటికి పోతుంది. సిగ్నల్ దగ్గర పక్కవాళ్లు చూస్తే చూడనీ!

2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. ముక్కుతో వెంటవెంటనే రెండుసార్లు పీల్చి, నోటితో నిదానంగా వదలడం, రోజుకు 5 నిమిషాలు, నెల రోజులు. ఆందోళన తగ్గడంలో ధ్యానం చేసినవాళ్లకూ ఇలా ఊపిరి తీసినవాళ్లకూ పెద్ద తేడా లేదు. మనసు హుషారుగా ఉండటంలో మాత్రం వీళ్లే మెరుగు. ధ్యానం కుదరని నాలాంటివాళ్లకు ఇది నయం.

దడ వచ్చినప్పుడు యూట్యూబ్ చూసి కపాలభాతి లాంటివి వేగంగా చేయొద్దు, తల తిరగడం ఎక్కువవుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయమనే పాత చిట్కా కూడా వద్దు, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం. మంచం మీద వంగి చదివితే పొట్ట నొక్కుకుపోతుంది, కుర్చీలో కూర్చో. టీలు తగ్గించు.

మెట్లెక్కితే ఆయాసం, పిల్లికూతలు, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం ఊపిరి అలవాటని సరిపెట్టుకోకుండా డాక్టర్‌ను కలువు. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకో, వాటివల్ల కూడా దడ వస్తుంది. నిద్ర పట్టనంత టెన్షన్ ఉంటే 14416కు ఫోన్ చెయ్యి. ప్రభుత్వ టెలీమానస్ నంబర్ అది, డబ్బులేమీ ఉండవు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇంతకీ ముక్కు దిబ్బడ ఏమైనా ఉందా నీకు? ఉంటే ముందు దానికి మందు వాడు. ముక్కు ఆడకపోతే నేను చెప్పినవేవీ చేయడం కుదరదు.