ఎన్నారై సందేహాలు: ఇక్కడ పాత ఇంటి కిటికీలు, అక్కడ కోటలో బాపు ఇల్లు

తమ్ముడూ, నీ రెండు ప్రశ్నలూ చదివాను. మసాచుసెట్స్‌లో 1890ల నాటి ఇల్లు కొన్నావు. కిటికీలన్నీ తీసేసి వినైల్‌వి (ప్లాస్టిక్ చట్రంవి) పెట్టిద్దామని కాంట్రాక్టర్‌తో మాట్లాడుకున్నావు. ఇంతలో అది హిస్టారిక్ డిస్ట్రిక్ట్, అంటే పాత ఇళ్ల రూపం కాపాడే ప్రాంతం అని టౌన్ హాల్ నుంచి లెటర్ వచ్చింది. అటు ఖిలా వరంగల్‌ కోటలో ఉంటున్న మీ బాపు (నాన్న), ఇంటిపైన ఇంకో అంతస్తు వేస్తాను, డబ్బులు పంపు అంటున్నాడు. రెండింటికీ కలిపి ముందు ఒక మాట చెప్తాను: పర్మిషన్ కాగితం చేతికి రాకముందు ఇక్కడ కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇవ్వకు, అక్కడ మేస్త్రికి డబ్బు పంపకు. మా ఊరి హిస్టారిక్ డిస్ట్రిక్ట్ కమిషన్‌లో నేనూ ఒక సభ్యురాలిని. ఇలాంటి అర్జీలు చూడడమే అక్కడ నా పని. పుట్టి పెరిగింది హనుమకొండలో, వేయిస్తంభాల గుడికి నడిచిపోయేంత దూరంలో. కాబట్టి బాపు ఇబ్బంది కూడా నాకు బాగానే తెలుసు.

మొదట నీ ఇల్లు. హిస్టారిక్ అనే మాట వినగానే టెన్షన్ పడకు. ఇక్కడ అది రెండు రకాలుగా ఉంటుంది. 1966 చట్టంతో వచ్చిన నేషనల్ రిజిస్టర్, అంటే చారిత్రక స్థలాల దేశవ్యాప్త జాబితా ఒకటి. నీ ఇల్లు అందులో మాత్రమే ఉంటే, నీ సొంత డబ్బుతో చేసుకునే పనికి ఆ జాబితా అడ్డు రాదు. రెండోది ఊరు తనకు తానుగా ఓటు వేసి పెట్టుకున్న లోకల్ డిస్ట్రిక్ట్. నీకు లెటర్ వచ్చిందంటే నీది ఈ రెండోదే. బోస్టన్‌లోని బీకన్ హిల్, సముద్రంలో ఉన్న నాన్‌టకెట్ 1955లో ఈ రాష్ట్రంలో మొదటివి. తర్వాత 1960లో అన్ని ఊళ్లకూ వర్తించేలా చాప్టర్ 40సీ అనే చట్టం వచ్చింది. కమిషన్ నిన్ను ఏం అడగొచ్చో, ఏం అడగకూడదో అందులోనే ఉంది. ఒకసారి కూర్చుని చదువు. పెద్దదేం కాదు, లాయర్ అవసరం లేకుండానే అర్థమవుతుంది.

ఆ చట్టం ప్రకారం కమిషన్ చూసేది వీధిలోంచి కనిపించే బయటి భాగాన్నే. ఇంటి లోపల గోడ తీసేసి వంటిల్లు పెద్దది చేసుకున్నా, దేవుడి గది కట్టుకున్నా మాకు సంబంధం లేదు. వెనకవైపు ఎవరికీ కనిపించని చోట చేసే మార్పు కూడా అంతే. అలాంటి పనికి ఇది మా పరిధిలోకి రాదు అని ఒక సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని నాన్-అప్లికబిలిటీ అంటారు. ఉన్నదాన్ని ఉన్నట్టే, అదే మెటీరియల్, అదే డిజైన్, అదే రంగుతో బాగుచేసుకోవడానికి కూడా ఈ చట్టం అడ్డు చెప్పదు. చాలా ఊళ్లు రంగును పూర్తిగా వదిలేశాయి. మీ ఊరు వదిలేసిందో లేదో టౌన్ హాల్లో ఫోన్ చేసి అడిగితే అప్పటికప్పుడే చెప్తారు.

మరి కిటికీల దగ్గరే ఎందుకు ఇంత పట్టుదల? ఒక సాయంత్రం నీ ఇంటి ముందు నిలబడి ఒక్క కిటికీని దగ్గరగా చూడు. పై రెక్క, కింది రెక్క పైకీ కిందికీ జరుగుతాయి. పక్క చట్రం లోపల తాడుకు కట్టిన ఇనుప బరువు వేలాడుతుంటుంది. కింది రెక్కను ఎత్తితే ఎత్తినచోట నిలబడేది దాని వల్లే. నీ ఇంట్లో రెక్కలు నిలబడటం లేదని రాశావు కదా, చాలాసార్లు ఆ తాడు తెగి ఉంటుంది, అంతే. అద్దం చుట్టూ ఉన్న పుట్టీ ఎండి రాలిపోతుంది. చలిగాలి ఆ సందులోంచి, రెక్కల అంచుల్లోంచి వస్తుంది. చెక్క మాత్రం గట్టిగానే ఉంటుంది. అప్పటి అడవి చెట్ల చెక్క అది, నిదానంగా పెరిగి పొరలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ రోజు షాపులో దొరికే చెక్క దానికి సాటి రాదు. పాత పుట్టీ గీకి కొత్తది పెట్టించు, తాళ్లు మార్పించు, అంచులకు గాలి రాకుండా స్ట్రిప్ వేయించు, బయటివైపు స్టార్మ్ విండో, అంటే పాత కిటికీకి అదనంగా ఇంకో అద్దపు కిటికీ పెట్టించు. చలికాలం సుఖంగా గడిచిపోతుంది.

వినైల్ కిటికీ పెడితే చట్రం లావెక్కి అద్దం చిన్నదవుతుంది. అద్దాన్ని గళ్లుగా చూపేవి రెండు అద్దాల మధ్య అతికించిన పట్టీలే, వాటికి నీడ పడదు. వీధిలోంచి చూస్తే ఇంటి ముఖమే మారిపోతుంది. పైగా రెండు అద్దాల మధ్య సీల్ పోతే లోపల మంచు పట్టినట్టు మసకబారుతుంది, అప్పుడు బాగుచేయడమంటూ ఉండదు, మొత్తం తీసి కొత్తది వేయాల్సిందే. కాంట్రాక్టర్ ఈ సంగతి నీకు చెప్పడు, అమ్ముకోవడం అతని పని.

ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోవద్దు. 1978కి ముందు కట్టిన ఇంటి రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇంట్లో చిన్న పాప ఉందన్నావు. ఆదివారం పూట నువ్వే గరుకు కాగితం పట్టుకుని కిటికీ రుద్దడం మొదలుపెట్టకు. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చాలా చేటు. సీసం పనిలో సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే చేయించు. ఇందులో ఖర్చుకు వెనకాడవద్దు.

నిజంగానే కొన్ని కిటికీలు పుచ్చిపోయి ఉంటే మార్చుకోవచ్చు, దానికి అర్జీ పెట్టాలి. మా ముందుకు వచ్చే అర్జీల్లో ఇబ్బంది పడేవి ఎక్కువగా ఖాళీ అర్జీలే. "కిటికీలు మార్చాలి" అని ఒక్క లైను, దానికి ఒక కంపెనీ బ్రోషర్. దాన్ని చూసి మేం ఏం తేల్చాలి? నువ్వు ప్రతి కిటికీకీ నంబర్ వేసి ఫొటో తీయి. పుచ్చిన చోట స్క్రూడ్రైవర్ గుచ్చి అది ఎంత లోపలికి దిగిందో కనిపించేలా ఇంకో ఫొటో. కొత్తదాని కొలతలు, చట్రం మందం, గళ్లు బయటికి ఉబ్బెత్తుగా ఉంటాయా లేదా, ఇవన్నీ చూపే డ్రాయింగ్. కిటికీల కంపెనీని అడిగితే అది వాళ్లే ఇస్తారు. పుచ్చినవి మాత్రమే చెక్కతో మారుస్తాను, మిగతావి బాగుచేయిస్తాను అని రాస్తే, కాదనడానికి మా దగ్గర పెద్దగా కారణం ఉండదు.

హియరింగ్ అంటే కోర్టు అనుకోకు. కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇస్తారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు కూడా తెలియజేస్తారు. అర్జీ పెట్టిన 60 రోజుల లోపల కమిషన్ తేల్చాలి. కాదంటే కారణాలు రాసి ఇవ్వాలి. ఆ నిర్ణయం నీకు నచ్చకపోతే 20 రోజుల్లో కోర్టుకు వెళ్లే హక్కు ఉంది. నీ ఇంటికి ప్రత్యేకంగా ఏదైనా కష్టం ఉండి, కాదంటే బాగా నష్టపోతావనుకుంటే హార్డ్‌షిప్ సర్టిఫికెట్ అని వేరే దారి కూడా ఉంది. మనవాళ్లు ఆ గదిలోకి వచ్చి తలవంచుకుని ఏదంటే దానికి సరే అంటుంటారు. నాకు చాలా బాధగా ఉంటుంది. నీ ఇంటి గురించి నువ్వే మాట్లాడు. యాస గురించి ఆలోచించకు. అక్కడ కూర్చున్న వాళ్లలో ఆర్కిటెక్ట్ ఉండొచ్చు, రియల్టర్ ఉండొచ్చు, మిగతావాళ్లు నీలాంటి ఇళ్లలో ఉండేవాళ్లే. పక్కింటి వాళ్లకు ముందే ఇంటికి వెళ్లి డ్రాయింగ్ చూపించి వస్తే ఇంకా మంచిది. నోటీసు చూసి తెలుసుకుంటే వాళ్ల మనసు వేరుగా ఉంటుంది.

సోలార్ గురించి కూడా ఒక లైను రాశావు. 40సీ చట్టంలోనే, సోలార్ అర్జీ వస్తే దాన్ని ప్రోత్సహించడం రాష్ట్ర విధానమన్న సంగతి కూడా కమిషన్ చూడాలని ఉంది. వెనక కప్పు మీద పెట్టుకోగలిగితే అసలు పేచీనే రాదు.

ఇప్పుడు బాపు ఇల్లు. ఇక్కడ కనిపించేదే లెక్క అన్నాను, అక్కడ దూరం లెక్క. పురాతన కట్టడాల రక్షణకు 1958లో వచ్చిన చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం కేంద్రం రక్షణలో ఉన్న ఏ కట్టడానికైనా, రక్షిత ప్రాంతం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని బయట ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. వేయిస్తంభాల గుడికీ ఇదే వర్తిస్తుంది, కోటకూ ఇదే. నియంత్రిత ప్రాంతంలో అయితే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని కట్టుకోవచ్చు. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. అక్కడ 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, అదీ అనుమతితోనే. ఉన్న ఇంటిపైన అంతస్తు వేయడాన్ని మరమ్మతు అనలేం కదా.

బాపుకు ఇందులో తేడా పడేది కొలత దగ్గర. మా ఇంటికి కోటలోని కీర్తి తోరణం (రాతి ద్వారం) కనిపించనే కనిపించదు, మాకేం అడ్డం అంటాడు. కనిపించడంతో పని లేదు. కొలిచేది తోరణం దగ్గరి నుంచి కూడా కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి. కోటలో స్వయంభూ దేవాలయం శిథిలాలు, నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, ఖుష్ మహల్, రాతి గోడ, దాని అవతల మట్టికోట, ఇన్ని ఉన్నచోట పక్కింటాయన అడుగులు వేసి చెప్పిన దూరం పనికిరాదు. ఇంటి స్థలం కచ్చితంగా ఎక్కడుందో మ్యాప్ మీద గుర్తించి, పురావస్తు శాఖ వాళ్లతో హద్దు తేల్చుకోవాలి. పర్మిషన్ మాట దాని తర్వాతే.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఇంటి పర్మిషన్ల కోసం తెలంగాణ పెట్టిన బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చాక చిన్న ప్లాట్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వెంటనే పర్మిషన్ వస్తోంది. అది చేతికి రాగానే అంతా అయిపోయిందనుకుంటారు. అది మున్సిపల్ పర్మిషన్ మాత్రమే, ఎన్‌ఓసీకి బదులు కాదు. అందులో వివరాలకు పూచీ ఇంటి యజమానిదే. తప్పు చెప్పి కట్టిన దాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా బీపాస్ చట్టమే ఇచ్చింది. నిషిద్ధ ప్రాంతంలో కడితే పురావస్తు చట్టం కింద రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సంతకం బాపుది, కేసు బాపు మీద. పది మంది కట్టుకున్నారు కదా, మనకే ఏమైతది అని మేస్త్రి అంటాడు. స్లాబ్ పడ్డాక పని ఆగిపోతే మేస్త్రికి పోయేది ఏమీ లేదు.

ఈ 100 మీటర్ల గీత కఠినమైనదే, నేను కాదనను. ఇక్కడ నీకున్న హార్డ్‌షిప్ దారి లాంటిది అక్కడ బాపుకు లేదు. తాతల నాటి నుంచి కోటలో ఉంటున్న కుటుంబాలకు, పిల్లలు పెద్దవాళ్లయి ఒక గది చాలకపోయినా పైకి లేపుకునే వీలు లేకపోవడం మామూలు కష్టం కాదు. ఆ కుటుంబాల మాటకు ఇంకా చోటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అయినా గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన కోట అది. ఆ తోరణం తెలంగాణ రాజముద్రలో ఉంది. చుట్టూ మూడంతస్తుల బిల్డింగులు లేస్తే ఆ రాళ్లు మిగిలినా, కోట అనే చోటు మిగలదు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం ఎంత సంతోషపడ్డామో గుర్తుందా? పాలంపేటలో గుడి చుట్టూ చెరువు, పొలాలు అలాగే ఉండబట్టే కదా అక్కడికి వెళ్తే మనసు ఆగిపోయేది. ఆ బరువు మోసేది అక్కడ ఉండే మనుషులే. అందుకే వాళ్ల మీద విసుక్కోకుండా మాట్లాడాలి, నువ్వు బాపుతో మాట్లాడేటప్పుడు కూడా.

అసలు బాపుకు ఏం కావాలో అడిగావా? నువ్వూ కోడలూ పాపా వస్తే ఉండడానికి గది కావాలని ఉంటే, ఏడాదికి కొన్ని వారాల కోసం అంత డబ్బు అక్కడే పెట్టక్కర్లేదు. హంటర్ రోడ్డు వైపో, హనుమకొండలోనో అద్దెకు చూసుకోవచ్చు. వాన కురుస్తోంది, పెంకులు జారిపోయాయి, దూలం కుంగింది అంటే మాత్రం అది మరమ్మతు, దానికి దారి ఉంది. ఇల్లు 1992 కంటే పాతదని చూపే కాగితాలు వెతకమను: పాత ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రిజిస్ట్రేషన్ దస్తావేజు. ఇప్పటి ఇంటి ఫొటోలు నాలుగు వైపుల నుంచీ తీయించు. ఏం మారుస్తారో, ఎత్తు ఎంత ఉంటుందో చూపే ప్లాన్ ఇంజినీర్‌తో గీయించు.

అర్జీ కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ అర్జీలు తీసుకోవడానికి కేంద్రం నియమించిన అధికారికి వెళ్తుంది. వాళ్లు 15 రోజుల్లో, రక్షిత కట్టడాల చుట్టూ నిర్మాణాలను చూసే కేంద్ర సంస్థ నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి. అక్కడి నుంచి రెండు నెలల్లో సిఫార్సు రావాలి, ఆ తర్వాత నెలలోపు బాపుకు జవాబు ఇవ్వాలి. అన్నీ సవ్యంగా జరిగినా మూడున్నర నెలలు. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు పైకప్పు పని పూర్తవ్వాలంటే సంక్రాంతికే కాగితాలు సిద్ధంగా ఉండాలి. ఇంటి పన్ను రసీదులు అమ్మ బీరువాలో ఉంటాయేమో, ముందు ఆమెనే అడుగు.